పతకం మీద లేని మనుషులు

మా కళాశాలలో చదువుతున్న విద్యార్థి ఒకడు ఒకనాడు పాఠం ముగిసిన తరువాత నా బల్ల దగ్గరకు వచ్చి, జేబురుమాలులో చుట్టిన కంచు బిళ్ళ ఒకటి తీసి చూపించాడు. పైన చిన్న ఉంగరం వుంది. అంచు చుట్టూ ఒక సంఖ్య, ఒక హోదా, ఇంగ్లీషు అక్షరాలలో వాళ్ళ ముత్తాత పేరు చెక్కి వున్నాయి. బొమ్మవైపు, ఎడమచేయి చాచి, కుడిచేత కొమ్మ పట్టుకొని నిలబడిన రెక్కల స్త్రీ. ఆ స్త్రీ నుదుట ఎండిపోయిన కుంకుమ! ఎన్నో ఏళ్ళుగా ఆ బిళ్ళ వాళ్ళింట దేవుడి అరలో వుంటున్నదట. శుక్రవారం శుక్రవారం నాయనమ్మ దానికి బొట్టు పెడుతుందట.

"మాస్టారూ, ఈ అమ్మవారు ఎవరండీ?" అని అడిగాడు.

"విజయలక్ష్మి" అన్నాను.

ఇంటికి పోయిన తరువాత నా సమాధానం నన్నే బాధించింది. నేను చెప్పినది అబద్ధం కాదు. ఆమె రోమనులు కొలిచిన విజయదేవత. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బ్రిటిష్ సామ్రాజ్యం తన సైనికులకు పంచిన విజయ పతకం కోసం విలియం మెక్‌మిలన్ అనే శిల్పి ఆమెను మలిచాడు. సుమారు 57 లక్షల పతకాలు పంచారు. కాని ఈ నిజాన్ని ఒక్క మాటలో చెప్పి నేను ఆ కుర్రవాడికి తెలియజేసినది ఏమీ లేదు సరిగదా, తెలియవలసిన దాని మీద ఒక ముసుగు కప్పాను. అబద్ధం ఆడకుండానే, నిజమే చెప్పి మోసం చేయడం సాధ్యమేనా? సాధ్యమైతే ఆ మోసానికి బాధ్యత ఎవరిది? చెప్పినవాడిదా, విన్నవాడిదా, తరువాత ఆ మాటను వాడుకొన్నవాడిదా? యుద్ధకాలపు పతకాలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించాలని నా ఉద్దేశం. చేతికి చిక్కిన వస్తువు ఒకటి ఎదురుగా లేకపోతే నీతిమీమాంస గాలిమాటలలోకి పోతుంది.

పతకం చిత్రమైన వస్తువు. యుద్ధకాలంలో గోడకు అంటించిన పత్రం మొదటి వానకు తడిసి చిరుగుతుంది. దినపత్రిక మర్నాటికి పొట్లం కాగితమవుతుంది. పతకం అలా కాదు, లోహం. పాతరాజుల నాణేలను చూచి మనం చరిత్ర రాసుకొంటాం గనుక, పతకానికి కూడా ఆ పరపతి అప్పనంగా దక్కుతుంది. నిన్న జరిగిన సంఘటన మీద ఈరోజు పోతపోసిన పతకం, వెయ్యేళ్ళనాటి సత్యంలా అరచేతిలో బరువుగా కూర్చుంటుంది. పైగా దానికి వున్నవి రెండే వైపులు – బొమ్మ, బొరుసు. సందేహానికి చోటు లేదు.

నాకు తెలిసినంతలో ఈ కళకు అత్యంత అపఖ్యాతి తెచ్చిన పతకం లూసిటేనియా పతకం. 1915 మే 7వ తేదీన ఐర్లండు దక్షిణ తీరాన, న్యూయార్కు నుంచి లివర్‌పూల్ పోతున్న లూసిటేనియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి యు-20 టార్పెడోతో కొట్టింది. పద్దెనిమిది నిమిషాలలో ఓడ మునిగిపోయింది. సుమారు 1,200 మంది చనిపోయారు. వారిలో 128 మంది అమెరికన్లు. చంటిబిడ్డలు కూడ వున్నారు.

మ్యూనిక్ నగరంలో కార్ల్ గోట్జ్ అనే పతకశిల్పి వున్నాడు. 1875లో పుట్టి 1950లో పోయినవాడు. ప్రభుత్వం అడగకుండానే, తన సొంత పూనికతో, ఆ సంవత్సరమే ఈ సంఘటన మీద ఒక పతకం తయారు చేశాడు. బొమ్మవైపు ఓడ మునిగిపోతున్నది. దాని మీద ఫిరంగులు, విమానం, యుద్ధసామగ్రి కిక్కిరిసి వున్నాయి. పైన "నిషిద్ధ సరకు లేదు!" అనే వెక్కిరింపు. కింద, ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచివేసిందనే వాక్యం, తేదీ. బొరుసువైపు కునార్డ్ ఓడల కంపెనీ టిక్కెట్ల గది. కిటికీలో కూర్చుని టిక్కెట్లు అమ్ముతున్నది ఒక అస్థిపంజరం. బయట జనం ఎగబడుతున్నారు. ఒకడు జలాంతర్గాముల ప్రమాదాన్ని గురించిన పత్రిక చదువుతున్నాడు. ఎత్తుటోపీ పెట్టుకొన్న జర్మన్ రాయబారి వేలెత్తి హెచ్చరిస్తున్నాడు, ఎవరూ వినరు. పైన రాసిన మాట: "అన్నిటికన్న వ్యాపారమే మిన్న".

ఈ పతకాన్ని వెంటనే తిట్టిపోయడం సులభం. నేను ముందు గోట్జ్ తరఫున వకాల్తా పుచ్చుకొని వాదించగలిగినంత వాదిస్తాను. ఓడలో నిషిద్ధ సరకు వుందా? వుంది. సుమారు 4,200 పెట్టెల తుపాకి తూటాలు, ఇవిగాక ఫిరంగి గుండ్ల తొడుగులు ఓడ సరకుల పట్టికలోనే వున్నాయి. 2008లో సముద్రంలోకి దిగిన ఈతగాళ్ళు శిథిలమైన ఓడలో ఆ తూటాలను కళ్ళారా చూశారు. హెచ్చరిక నిజమేనా? నిజమే. ఓడ బయలుదేరిన 1915 మే 1వ తేదీ ఉదయమే, బ్రిటిష్ ఓడలలో ప్రయాణించేవారు తమ ప్రాణాలకు తామే పూచీ అని జర్మన్ రాయబార కార్యాలయం అమెరికన్ పత్రికలలో ప్రకటన వేయించింది. కంపెనీ టిక్కెట్లు అమ్మిందా? అమ్మింది. యుద్ధసామగ్రి మీద చంటిబిడ్డలను కూర్చోబెట్టి సముద్రం మీదికి తోలింది. ఇక "అన్నిటికన్న వ్యాపారమే మిన్న" అన్న మాట చూడండి. మన పత్రిక అట్ట మీద వేసినా అతికినట్టుంటుంది. మొదటిసారి దాని అర్థం తెలిసినప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, దాచుకోవడమెందుకు?

డెక్కు మీద ఫిరంగులు, విమానం లేవు గదా అని ఎవరైనా అనవచ్చు. అది వ్యంగ్యచిత్రం; లోపల దాచినదాన్ని పైకి తీసి చూపించడం వ్యంగ్యకారుడి హక్కు. ఓడ ముందువైపు నుంచి మునిగితే గోట్జ్ వెనుకవైపు నుంచి మునిగినట్టు మలిచాడు. అదీ చిల్లర పొరపాటే. ముఖ్యమైన వాస్తవాలన్నీ ఆయన పక్షానే వున్నాయి.

అయినా ఈ పతకం అబద్ధమాడుతున్నది. ఎక్కడ?

మునిగే ఓడ మీద మనిషి లేడు. 1,200 మందిలో ఒక్కడు లేడు. మనుషులు వున్నది రెండోవైపు, టిక్కెట్ల గది ముందు. అక్కడ వారు చచ్చిపోయేవారుగా లేరు, చెప్పినా వినని మూర్ఖులుగా వున్నారు. అస్థిపంజరం కంపెనీ గుమాస్తా అయింది. టార్పెడో వదలిన చేయి బొమ్మలోనే లేదు. కింద అక్షరాలలో మాత్రం, ఏదో వాతావరణ వార్తలాగ, జర్మన్ జలాంతర్గామి ముంచిందని వుంది. కారణాన్ని చెప్పడం వేరు, బాధ్యతను బదలాయించడం వేరు. గోదావరిలో పడవ మునిగితే, పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన యజమాని దురాశను మనం తిడతాం. అది న్యాయమే. కాని ఆ పడవకు ఒకడు కావాలని చిల్లు పొడిచి, ఒడ్డెక్కి, యజమాని దురాశను గురించి ఉపన్యాసమిస్తే? ఆ ఉపన్యాసంలో మాటమాటా నిజమే కావచ్చు. అయినా ఆ నిజాలన్నీ కలిసి చేసే పని ఒక్కటే – ఆ చిల్లును కప్పడం. నిజానిజాలను ఒక్కొక్క వాక్యంగా విడదీసి తూచే తర్కశాస్త్రం ఇక్కడ చాలదు. ఆ నిజం ఎక్కడ నిలబడి, ఎవరిని చాటు చేస్తున్నదో చూడాలి.

కథ ఇంతటితో ఆగలేదు. గోట్జ్ పతకం మీద తేదీ తప్పు వేశాడు. మే 7కు బదులు మే 5 అని పడింది. పత్రికలో చూచి పొరబడ్డానని తరువాత చెప్పుకొన్నాడు. సరిదిద్ది మళ్ళీ పోయించాడు. కాని ఆ తప్పుడు ప్రతి ఒకటి బ్రిటిష్ విదేశాంగశాఖ చేతికి చిక్కింది. ఇంకేం? రెండురోజుల ముందే పతకం సిద్ధం చేసుకొని మరీ ముంచారని ప్రచారం లేచింది. 1916 మే నెలలో దాని ఛాయాచిత్రం అమెరికన్ పత్రికలలో వచ్చింది. తరువాత లండనులో పెద్ద దుకాణదారు గోర్డన్ సెల్‌ఫ్రిడ్జి ద్వారా అచ్చు గుద్దినట్టు నకళ్ళు చేయించారు. సుమారు రెండున్నర లక్షల నుంచి మూడు లక్షల దాకా! గోట్జ్ సొంతంగా చేసినవి కొన్ని వందలకు మించవు. నకలును ఒక పెట్టెలో పెట్టి, జర్మన్లు ఈ హత్యాకాండను పండుగ చేసుకొన్నారని, ఇది వారి సంస్కృతికి సాక్ష్యమని చెప్పే కరపత్రం జతచేసి, షిల్లింగుకొకటి చొప్పున అమ్మారు. వచ్చిన డబ్బు యుద్ధంలో కళ్ళు పోయిన సైనికుల ఆశ్రమానికి, రెడ్‌క్రాసుకు ఇచ్చారు. కళ్ళు పోయినవారి కోసం, ఇతరుల కళ్ళు కప్పే బిళ్ళ అమ్మారన్న మాట. చివరకు 1917లో బవేరియా ప్రభుత్వమే గోట్జ్ పతకాలను స్వాధీనం చేసుకొమ్మని ఆజ్ఞ వేసింది.

పాఠకులు ఒక్క క్షణం ఇక్కడ ఆగాలని కోరుతున్నాను. బ్రిటిష్‌వారు బొమ్మను మార్చలేదు. ఒక్క గీత చెరపలేదు. జర్మన్ భాషలో "మే" అన్న మాట రాసే తీరును నకలులో ఇంగ్లీషు పద్ధతికి మార్చారు; అది కూడ అజాగ్రత్తే. శత్రువు తన సమర్థనకోసం చేసిన బొమ్మ, ఒక్క ఇంచు కదలకుండా, శత్రువును ఉరితీసే సాక్ష్యమైపోయింది. ఎలా సాధ్యమైంది? సమాధానం నాకు ఒక్కటే తోస్తున్నది. ఆ బొమ్మలో చచ్చిపోయినవారు లేరు గనుక. చచ్చినవారికి చోటులేని బొమ్మ ఖాళీ అరవంటిది. ఎవరి సామాను వారు పెట్టుకోవచ్చు. బ్రిటిష్ వారు మాత్రం ఆ 1,200 మంది కోసం కన్నీరు కార్చారా? కార్చితే తూటాల పెట్టెల సంగతి కరపత్రంలో రాసి వుండేవారు. వారికి కావలసినది అమెరికా. 1917 ఏప్రిల్‌లో ఆ దేశం యుద్ధంలోకి దిగింది. ఈ బిళ్ళ ఒక్కదానివల్ల కాదు, కాని ఇటువంటి వేయి బిళ్ళలు వేసిన బాట మీదుగా.

ఈ ప్రచారకార్యం నడిపినవారు కిరాయి గుమాస్తాలని మనం అనుకోనక్కరలేదు. 1914 సెప్టెంబరు 2న చార్లెస్ మాస్టర్‌మన్ ప్రచారశాఖ కార్యాలయానికి రచయితలను పిలిపించినప్పుడు టామస్ హార్డీ వచ్చాడు, గాల్స్‌వర్దీ వచ్చాడు, హెచ్. జి. వెల్స్ వచ్చాడు, ఆర్నాల్డ్ బెనెట్, చెస్టర్‌టన్, కానన్ డాయిల్ వచ్చారు. మన కళాశాలలలో తరతరాలు ఇంగ్లీషు గద్యానికి, నవలకు ఆదర్శమని చదువుకొన్న పేర్లివి. వీరంతా దుర్మార్గులని నేను అనను. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే వచ్చారు. నమ్మకం నిజాయితీకి రుజువేగాని సత్యానికి రుజువు కాదు.

ఇప్పుడు మనలో ఒక మిత్రుడు లేచి అడగవచ్చు. "సామ్రాజ్యవాదుల ప్రచారం అబద్ధమని మీరు కొత్తగా చెప్పేదేమిటి? కళ ఆయుధం. ప్రశ్నల్లా అది ఎవరి చేతిలో వున్నదనేదే. కార్మికవర్గం చేతిలో వుంటే న్యాయం, పెట్టుబడిదారు చేతిలో వుంటే అన్యాయం."

ఈ ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన ప్రథమ మహాసభ జరుపుకొన్ననాటికి, విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడి యేడాదైనా కాలేదు. ఫాసిజానికి ఎదురు నిలవాలన్న ఆవేశం మన సంఘానికి ఉగ్గుపాలతో వచ్చింది. దాన్ని కాదనేవాడిని కాను. కాని అదే కాలంలో మన ఉద్యమం 1940లో సామ్రాజ్యవాద యుద్ధమన్నదాన్ని 1942 నాటికి ప్రజాయుద్ధమన్నది. సోవియట్ దేశం మీద హిట్లరు దాడితో పరిస్థితి మారింది, మాట మారింది. మారడానికి బలమైన కారణాలే వున్నాయి. అయితే కారణాలు ఎంత బలమైనవైనా, ఆ మార్పు మధ్యలో జైళ్ళలో మగ్గుతున్న క్విట్ ఇండియా కార్యకర్త మన గేయాలలో, మన బొమ్మలలో ఏ రూపంలో కనబడ్డాడు? కనబడ్డాడా? ఈ ప్రశ్న అడిగినందుకు పెద్దలు కొందరు నా మీద కోపగించిన సందర్భాలున్నాయి. కోపం సమాధానం కాదు. ఆయుధం ఎవరి చేతిలో వున్నదన్న ప్రశ్న అవసరమే. కాని అది చాలదు. గోట్జ్ పతకం చేతులు మారింది. ఏ ఆయుధమైనా మారుతుంది. చేతులు మారినప్పటికీ మొండికెత్తి, కొత్త యజమానికి పనికిరాకుండా పోయే గుణం ఒకటి కళలో వుండగలదా అన్నది నా ప్రశ్న.

వుండగలదని చెప్పడానికి ఆ మ్యూనిక్ నగరమే ఒక ఉదాహరణ ఇచ్చింది. లుడ్విగ్ గీస్ అనే శిల్పి అదే 1915లో అదే సంఘటన మీద పతకం చేశాడు. అందులో ఓడ ఒరిగిపోతున్నది. దాని పక్కన చిన్న చిన్న మానవాకారాలు. వరిగింజ కన్న చిన్నవి. ముఖాలు లేవు, దేశాలు లేవు. వెక్కిరింపు మాటలు లేవు. ఎవరిది నేరమని గీస్ చెప్పలేదు. ఒక రకంగా గోట్జ్ కన్న తక్కువ చెప్పాడు. తూటాల సంగతి లేదు, కంపెనీ సంగతి లేదు. వర్గదృష్టితో చూస్తే లోటే. కాని ఈ పతకాన్ని పెట్టెలో పెట్టి షిల్లింగుకు అమ్మి జర్మన్ రాక్షసత్వానికి సాక్ష్యమని చూపించండి, చూద్దాం. కుదరదు. ఆ గింజలంతటి మనుషులు ఒప్పుకోరు. (గీస్ జీవితమంతా ఇలాగే నడిచిందని నా వాదన కాదు. నేను తూచేది పతకాన్ని, మనిషిని కాదు.)

మరి మనకు కావలసినది గోట్జ్ చెప్పిన కారణమూ, గీస్ చూపిన మనుషులూ కూడ. రెండూ ఒకచోట కలిపే ప్రయత్నం చేసినవాడు అమెరికన్ శిల్పి డేవిడ్ స్మిత్. కార్ల కర్మాగారంలో వెల్డింగు నేర్చినవాడు. 1935–36 సంవత్సరాలలో ఐరోపా తిరిగి, లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఈ జర్మన్ యుద్ధపతకాలను చూచాడు. స్వదేశం తిరిగివచ్చి 1937 నుంచి 1940 దాకా శ్రమించి పదిహేను కంచు పతకాలు చేశాడు. వాటికి "అగౌరవ పతకాలు" అని పేరు పెట్టాడు. గౌరవానికి పతకమిచ్చే లోకంలో అగౌరవానికి ఎందుకివ్వరాదు? ఒకటి ఆయుధ వ్యాపారులకు, ఒకటి యుద్ధం తప్పించుకొన్న ధనికుల కొడుకులకు, ఒకటి మతాధికారుల సహకారానికి, ఒకటి పత్రికలకు, ఒకటి పౌరుల మీద బాంబులు వేసినందుకు. యుద్ధప్రచారానికే ప్రత్యేకంగా ఒక పతకం! 1940 నవంబరులో న్యూయార్కులో ప్రదర్శించాడు. కొన్నవారు దాదాపు లేరు.

స్మిత్ దారి గోట్జ్ దారికి భిన్నమైనది ఒక్క విషయంలోనే, కాని అది పెద్ద విషయం. గోట్జ్ ఎదుటి దేశపు వ్యాపారిని తిట్టాడు; స్మిత్ తిట్టినది సొంత ఊరి వ్యాపారిని కూడ. లాభం మీద కోపం శత్రుదేశపు లాభానికే పరిమితమైతే అది కోపం కాదు, పోటీ. అలాగని స్మిత్ యుద్ధమంటేనే కళ్ళు మూసుకొన్న సాధువు కాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయనే ఒక రైలింజన్ల కర్మాగారంలో చేరి, ఫాసిస్టులమీదికి పోయే యుద్ధశకటాలకు వెల్డింగు చేశాడు. పతకాలు మలిచిన చేతులే. ఇందులో వైరుధ్యం వున్నదని కొందరన్నారు. నాకు కనబడలేదు. యుద్ధం చేయవలసి వస్తే చేయి. దాని మీద బంగారు పూత పూయకు – ఆయన చేతలకు నేను తీసుకొన్న అర్థం ఇదీ.

గోట్జ్ మాత్రం ఎక్కడికి పోయాడు? 1920లో, రైన్ నది ప్రాంతాన్ని ఫ్రెంచి సేనలు ఆక్రమించి వున్నప్పుడు, ఆ సేనలలోని ఆఫ్రికన్ సైనికుల మీద ఒక పతకం చేశాడు. ఒకవైపు వికృతం చేసిన నల్లవాడి ముఖం. రెండోవైపు వివస్త్ర అయిన తెల్లస్త్రీ, బంధితురాలు. దాన్ని ఇంతకంటె వర్ణించడం నాకు ఇష్టం లేదు. ఆ ఆఫ్రికన్ సైనికుడు ఎవరు? ఫ్రెంచి పెట్టుబడిదారు తన వలసనుంచి పట్టి తెచ్చి నిలబెట్టిన బీదవాడు. "అన్నిటికన్న వ్యాపారమే మిన్న" అని అయిదేళ్ళ కిందట కంపెనీని తిట్టిన కళాకారుడికి ఇప్పుడు ఆ సైనికుడి వెనుక కంపెనీ కనబడలేదు, చర్మం రంగు కనబడింది. నాకు ఆశ్చర్యం లేదు. ఓడ మీద మనుషులను చూడనివాడు ఒడ్డు మీద మాత్రం చూస్తాడా? 1933 తరువాత హిట్లరు తల కూడ ఆయన అచ్చులలో పోతపడింది.

ఇంతవరకు జర్మన్ల సంగతి. గోట్జ్ వంటివాడు వెక్కిరిస్తాడు, అరుస్తాడు, అస్థిపంజరాన్ని చూపిస్తాడు. కనుక ఇది ప్రచారమని చూడగానే పట్టుబడతాడు. కాని మా విద్యార్థి తెచ్చిన పతకం అరవదు. అందంగా, ప్రశాంతంగా రెక్కలు విప్పుకొని నిలబడుతుంది. దానిని ప్రచారమని ఏ మ్యూజియమూ అపవాదు వేయదు. అదే ప్రమాదం.

ఆ శిల్పి మెక్‌మిలనే బ్రిటిష్ యుద్ధపతకం కూడ మలిచాడు. దిగంబరుడైన ఆశ్వికుడు ప్రష్యా గద్ద బొమ్మవున్న డాలును, పుర్రెను తొక్కిస్తూ పోతాడు. ఈ పతకాన్ని వెండితో సుమారు 65 లక్షలు చేశారు. కంచుతో చేసినవి సుమారు ఒక లక్షా పదివేలు. కంచువి ఎవరికి? చైనా, మాల్టా, భారతదేశాలనుంచి తెచ్చిన కూలిదళాలవారికి. కందకాలు తవ్వినవారికి, బస్తాలు మోసినవారికి, శవాలు పూడ్చినవారికి. బొమ్మ ఒక్కటే, గుర్రం ఒక్కటే, తొక్కబడే గద్ద ఒక్కటే. లోహం మాత్రం వేరు. వర్గవిభజనను గురించి మనం తరగతిలో గంటసేపు చెప్పే పాఠాన్ని సామ్రాజ్యం ఒక తులం లోహంలో చెప్పింది. పైగా దానిని బహుమానంగా ఇచ్చింది!

చచ్చిపోయినవారి కుటుంబాలకు మరొకటి ఇచ్చారు. అరచేతిని మించిన కంచు ఫలకం. లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ ఎనిమిది వందలకు పైగా వచ్చిన నమూనాల పోటీలో నెగ్గి దానిని రూపొందించాడు. బ్రిటానియా దేవి పూలదండ పట్టుకొని నిలబడుతుంది, పక్కన సింహం, కింద ఇంకొక చిన్న సింహం గద్దను చీలుస్తూ. చుట్టూ, స్వేచ్ఛకోసం, గౌరవంకోసం మరణించాడని వాక్యం. మధ్యలో చచ్చినవాడి పేరు. హోదా లేదు, చావులో అందరూ సమానులని. పదమూడు లక్షలకు పైగా చేశారు. ఇంగ్లండులో బీదజనం దానికి "చచ్చినవాడి కాణీ" అని పేరు పెట్టారు. శిల్పశాస్త్రం చదవకపోయినా కళావిమర్శ ఎలా చేయాలో జనానికి తెలుసు.

ఆ యుద్ధానికి భారతదేశం నుంచి సుమారు 13 లక్షలమంది పోయారు. సుమారు 74 వేలమంది తిరిగిరాలేదు. మన గోదావరి జిల్లాలనుంచి కూడ పోయారు. మాధవరం గ్రామం ఈనాటికీ మిలటరీ మాధవరంగానే పేరుపడింది. ఎవరి స్వేచ్ఛకోసం పోయారన్న ప్రశ్న వారి ఇళ్ళకు వచ్చిన ఆ ఫలకం మీద లేదు. స్వేచ్ఛ అన్న మాట మాత్రం వుంది. అది లూసిటేనియా తూటాలవలె నిజమైన మాటే, నిలబడినచోటు వేరు.

ఆ కుర్రవాణ్ణి మర్నాడు పిలిచి ఇదంతా చెప్పాను. బొరుసువైపు తిప్పి చదవమన్నాను. దండ మధ్య అక్షరాలు: "నాగరికత కొరకు మహాయుద్ధం, 1914–1919". చదివి అతడు, "యుద్ధం 1918లో ఆగిపోయింది కదండీ, 1919 ఎందుకు వేశారు?" అన్నాడు. సంధిపత్రం మీద సంతకాలు 1919 జూన్‌లో జరిగాయి గనుక అన్నాను. అని, మళ్ళీ నిజం వెనుక దాక్కుంటున్నానని గుర్తుకొచ్చి, 1919లో ఇంకేం జరిగిందో చెప్పాను. మార్చిలో రౌలట్ చట్టం. ఏప్రిల్ 13న అమృతసర్‌లో, జలియన్‌వాలాబాగులో, 1,650 తూటాలు. ప్రభుత్వం ఒప్పుకొన్న చావులే 379. ఆ పంజాబే యుద్ధానికి అందరికన్న ఎక్కువమంది సైనికులను పంపిన రాష్ట్రం. పతకం మీద ఆ అంకె పక్కన ఇవేవీ లేవు. అంకె మాత్రం సరిగానే వుంది.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే దీన్ని దేవుడి అరలోంచి తీసెయ్యమంటారా మాస్టారూ?" అన్నాడు. తీసెయ్యమని నేను అనలేకపోయాను. వుంచమనీ అనలేదు. మెసపొటేమియాలోనో, ఫ్రాన్సులోనో ఎక్కడ పనిచేశాడో వాళ్ళకు తెలియని ఆ ముత్తాతకు మిగిలిన గుర్తు అదొక్కటే. ఛాయాచిత్రం కూడ లేదు. మీ నాయనమ్మకు ఈ సంగతులు చెప్పి ఆమెనే అడగమన్నాను.

ఒక వారం తరువాత వచ్చి చెప్పాడు. అమ్మవారు కాదని, తెల్లవాళ్ళ విజయమని వివరిస్తే ఆమె కాసేపు విన్నదట. తరువాత, "మా మామగారి పేరు దీనిమీద వున్నదన్నావు, ఎక్కడ?" అని అడిగిందట. అంచు మీద చూపించాడు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వేలితో ఒకసారి తడిమి, బొమ్మవైపు కుంకుమ కొంగుతో తుడిచి, ఆ అంచుకు బొట్టు పెట్టిందట.